ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతున్నా, అవసరానికి నోటికి రావట్లేదు – ఏం చేయాలి?

చెల్లెమ్మా, నువ్వు అని రాస్తున్నా, ఏమీ అనుకోకు, నా దగ్గర నేర్చుకునే వాళ్ళందర్నీ అలాగే పిలవడం అలవాటు. నువ్వు అడిగింది ఇదీ: డిగ్రీ దాకా తెలుగు మీడియం, రోజూ తెనాలి నుంచి రైల్లో విజయవాడ వచ్చి సూర్యారావుపేటలో ఒక హాస్పిటల్ ఫ్రంట్ డెస్క్‌లో చేస్తున్నావు, రోజుకి పది పదాలు చొప్పున నోట్‌బుక్‌లో అర్థాలతో సహా రాసి బట్టీ పడుతున్నావు, వారం తిరిగేసరికి సగం ఎగిరిపోతున్నాయి, మిగిలినవి కూడా ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్ వచ్చినప్పుడో, వేరే రాష్ట్రం పేషెంట్ ఎదురుగా నిలబడినప్పుడో నోటికి రావట్లేదు, కాబట్టి ఏ పుస్తకం కొనాలి, ఎన్ని పదాలు వస్తే సరిపోతుంది, ఎన్నాళ్ళు పడుతుంది అని. గుంటూరులో చాలా ఏళ్ళుగా నా పని ఇదే, షాపుల్లో చేసే వాళ్ళకి, నర్సులకి, హోటల్ వాళ్ళకి, మిర్చి యార్డు దగ్గర ఎగుమతుల ఆఫీసుల్లో చేసే కుర్రాళ్ళకి మాట్లాడే ఇంగ్లీషు నేర్పడం. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నేరుగా చెప్పేస్తా. పుస్తకం ఇప్పుడే కొనకు. రోజుకి పది పదాల లెక్క ఇవాళే ఆపెయ్. నీ పనికి కావాల్సిన పేర్లు, అంటే వస్తువుల పేర్లు గానీ పనుల పేర్లు గానీ, చాలా వరకు నీ దగ్గర ఎప్పుడో చేరిపోయాయి. లేనిదల్లా క్రియలు, వాటిని అంటిపెట్టుకుని ఉండే ఆన్, ఆఫ్, ఫర్, టు లాంటి చిన్న మాటలు. అవి విడిగా బట్టీ పడితే రావు, వాక్యంతో పాటే వస్తాయి, ఆ వాక్యాలు ఏ పుస్తకంలోనూ లేనంత వరసగా నీ డెస్క్ దగ్గరే రోజూ దొర్లుతుంటాయి.

నమ్మకం కుదరకపోతే నువ్వు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెలుగులోనే మాట్లాడేది ఒక్కసారి గుర్తు తెచ్చుకో. టోకెన్, అపాయింట్‌మెంట్, రిపోర్ట్, బిల్లు, కౌంటర్, వార్డు, బెడ్, స్ట్రెచర్, స్కానింగ్, అడ్వాన్స్, క్యాష్, కార్డు, రిసీట్, డిశ్చార్జ్, పాలసీ, క్లెయిమ్, అప్రూవల్, పెండింగ్. వీటిల్లో ఒక్కటీ ఎవరూ నీకు నేర్పలేదు, నోట్‌బుక్‌లోనూ రాసుకోలేదు, అయినా నిద్రలో లేపి అడిగినా చెప్తావు. పల్లెటూరి నుంచి వచ్చిన ముసలామె కూడా "రిపోర్టు ఎప్పుడిస్తారమ్మా" అనే అడుగుతుంది. అంటే పదాల కొరత అంటూ నువ్వు బాధపడుతున్నావే, అది నువ్వనుకున్నంత పెద్దది కాదు.

మరి ఎక్కడ ఆగిపోతున్నావు? తెలుగులోకి ఇంగ్లీషు మాట వచ్చినప్పుడు మనం దాన్ని పేరులా పట్టుకొచ్చి వెనకాల "చేయి", "అవు" తగిలిస్తాం. అడ్మిట్ చేశారు, డిశ్చార్జ్ అయ్యాడు, క్యాన్సిల్ అయింది, అప్రూవ్ అవ్వలేదు. కాలం, చేసిందెవరు, జరిగిందా జరగబోతోందా అన్నదంతా మన తెలుగు క్రియే మోస్తుంది, ఇంగ్లీషు మాట ఊరికే కూర్చుంటుంది. అందుకే ఇంగ్లీషులోకి వెళ్ళగానే "హి ఈజ్ డిశ్చార్జ్", "క్లెయిమ్ ఈజ్ నాట్ అప్రూవ్" అని వస్తుంది. మాట తెలుసు, కానీ అది వాక్యంలో ఎలా కదులుతుందో తెలీదు. "హి వజ్ డిశ్చార్జ్‌డ్ ఎస్టర్‌డే", "ది క్లెయిమ్ హాజ్‌న్ట్ బీన్ అప్రూవ్‌డ్ యెట్", ఈ రెండూ ఉన్నవి ఉన్నట్టు నోటికి ఎక్కించుకుంటే అడ్మిట్, రిజెక్ట్, క్యాన్సిల్, సబ్మిట్, ప్రాసెస్, అన్నీ అదే అచ్చులో పడిపోతాయి. డిశ్చార్జ్ అనే పదాన్ని అర్థంతో వందసార్లు రాసినా ఇది రాదు.

ఇంకో సంగతి ఉంది, తెలుగు వాళ్ళకి ఇదే అసలైన చిక్కు అని నా గట్టి అభిప్రాయం. మన క్రియలు కొన్ని ఎక్కడ పెట్టినా ఒదుగుతాయి. "వేయి" చూడు. లైటు వేస్తాం, తలుపు వేస్తాం, తాళం వేస్తాం, ఇంజెక్షన్ వేస్తాం, మాత్ర వేసుకుంటాం, చొక్కా వేసుకుంటాం, దోసె వేస్తాం, ముగ్గు వేస్తాం. మనకి ఒకటే మాట. ఇంగ్లీషులో లైటుకి టర్న్ ఆన్, తలుపుకి క్లోజ్, తాళానికి లాక్, ఇంజెక్షన్‌కి గివ్, మాత్రకి టేక్, చొక్కాకి పుట్ ఆన్, దోసెకి మేక్, ముగ్గుకి డ్రా. "వేయి అంటే పుట్" అని నోట్‌బుక్‌లో రాసుకున్న మనిషి "పుట్ ది లైట్" అనే అంటాడు, అనక ఏం చేస్తాడు. "కట్టు" ఇంకా నీకు దగ్గరది: బిల్లు కడితే పే, పుండుకి కట్టు కడితే డ్రెస్ ది ఊండ్, ఇల్లు కడితే బిల్డ్, తాడు కడితే టై, చీర కడితే వేర్. "రావడం" సంగతైతే చెప్పక్కర్లేదు. జ్వరం వచ్చింది అంటే హి హాజ్ ఎ ఫీవర్, కోపం వచ్చింది అంటే హి గాట్ యాంగ్రీ, నిద్ర వస్తోంది అంటే ఐ యామ్ స్లీపీ, కరెంటు వచ్చింది అంటే ది పవర్ ఈజ్ బ్యాక్, ఈత వచ్చు అంటే ఐ క్యాన్ స్విమ్. ఇన్నిట్లో కమ్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు గమనించావా. కాబట్టి తెలుగు క్రియకి ఇంగ్లీషు క్రియ ఎదురుగా రాసుకునే పద్ధతే పనికిరాదు, ఏ వస్తువుతో కలిసి ఏ క్రియ వస్తుందో ఆ జంటని జంటగానే రాసుకోవాలి. మాత్ర వేసుకోవడం - టేక్ ది టాబ్లెట్. అంతే. విడదీయొద్దు.

అవతలి వైపు నుంచి చూసినా ఇంతే. ఇంగ్లీషులో టేక్, గెట్, పుట్, కీప్, టర్న్, గివ్ లాంటి ఓ గుప్పెడు చిన్న క్రియలే సగం రోజు గడిపేస్తాయి. నీ డెస్క్ దగ్గర టేక్ ఒక్కదానికే ఎన్ని ఉన్నాయో: టేక్ ఎ సీట్, టేక్ ది లిఫ్ట్ టు ది సెకండ్ ఫ్లోర్, ఇట్ టేక్స్ టూ అవర్స్, ప్లీజ్ టేక్ ఆఫ్ యువర్ షూస్, టేక్ దిస్ ఆఫ్టర్ ఫుడ్, టేక్ యువర్ టైమ్. గెట్ తో అయితే యూ'ల్ గెట్ ది రిపోర్ట్ బై సిక్స్, ఐ'ల్ గెట్ బ్యాక్ టు యూ, హి ఈజ్ గెటింగ్ బెటర్. పుస్తకాల వాళ్ళు వీటిని సులువైన మాటలని వదిలేసి నోరు తిరగని పెద్ద పెద్ద పదాలు అచ్చేస్తారు, చదివే వాళ్ళకి కూడా పెద్ద పదం నేర్చుకుంటే ఏదో సాధించినట్టుంటుంది, కానీ హాస్పిటల్ కౌంటర్ దగ్గర ఆ పెద్ద పదాన్ని వాడే అవకాశం ఏడాదికి ఒక్కసారి కూడా రాదమ్మా.

ఎన్ని పదాలు వస్తే సరిపోతుంది అన్నావు కదా. దీని మీద చాలా కాలంగా లెక్కలు కట్టారు. మైకేల్ వెస్ట్ అని, దేశ విభజనకి ముందు మన దేశంలోనే ఉన్న ఢాకా వైపు బోధనా రంగంలో పనిచేసిన ఇంగ్లీషాయన, 1953లో సుమారు 2000 మాటల జాబితా అచ్చేశాడు, మామూలు ఇంగ్లీషులో పదే పదే వచ్చేవి ఇవీ అని. దాన్నే తిరగరాసి 2013లో సుమారు 2800 మాటలతో న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్ అని కొత్త జాబితా తెచ్చారు, అది నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, మామూలు రాతల్లో కనపడే మాటల్లో నూటికి తొంభై పైగా ఇందులోవే ఉంటాయని దాన్ని తయారుచేసిన వాళ్ళు లెక్కగట్టారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ 3000 మాటల జాబితా కూడా ఇలాంటిదే. నేను చెప్పేదేంటంటే ఆ 2800 మాటల జాబితా దించుకుని మొదటి వెయ్యి మాటలు ఒక ఆదివారం కూర్చుని ఊరికే కళ్ళతో చూసుకుంటూ పో, తెలియని వాటికి మాత్రం టిక్కు పెట్టు. డిగ్రీ చదివిన మనిషివి, టిక్కులు నువ్వు భయపడినన్ని ఉండవు. ఆ జాబితా వాడకం అంతవరకే, దాన్ని బట్టీ పట్టే పనే లేదు.

ఇప్పుడు పని ఎలా మొదలెట్టాలో చెప్తా. డెస్క్ మీద ఒక చిన్న పాకెట్ బుక్ పెట్టుకో. నువ్వు ఇవాళ తెలుగులో చెప్పిన మాట, ఇదే ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే తడబడేదాన్ని అనిపించిన మాట, తెలుగులోనే రాసుకో. ముందు తెలుగులోనే, ఇది ముఖ్యం. "రేపు పొద్దున పరగడుపున రండి." "డాక్టర్ గారు ఆపరేషన్‌లో ఉన్నారు, గంట పడుతుంది." "కళ్ళు తిరుగుతున్నాయా?" "కుట్లు ఎప్పుడు విప్పుతారు అంటున్నారు." "సెలైన్ ఎక్కుతోంది, అయిపోగానే పిలవండి." "ఆధార్ జిరాక్స్ ఒకటి ఇవ్వండి." రోజుకి మూడు నాలుగు చాలు, అంతకు మించొద్దు. ఇంటికెళ్ళాక గానీ రైల్లో గానీ ఒక్కోదానికి ఇంగ్లీషు వాక్యం సంపాదించు: ప్లీజ్ కమ్ టుమారో మార్నింగ్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్. ది డాక్టర్ ఈజ్ ఇన్ సర్జరీ, ఇట్'ల్ టేక్ యాన్ అవర్. ఆర్ యూ ఫీలింగ్ డిజీ? వెన్ విల్ ది స్టిచెస్ కమ్ అవుట్? హి ఈజ్ ఆన్ ఎ డ్రిప్, కాల్ అజ్ వెన్ ఇట్స్ ఓవర్. క్యాన్ ఐ హావ్ ఎ ఫోటోకాపీ ఆఫ్ యువర్ ఆధార్? మీ డ్యూటీ డాక్టర్ల నోట్లోంచి, సీనియర్ నర్సుల నోట్లోంచి వీటిల్లో సగం ఎలాగూ వినబడతాయి, చెవి అటు వేసి ఉంచు. ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్‌ని అడిగితే అడుగు గానీ అది ఇచ్చింది మాట్లాడే ఇంగ్లీషా రాసే ఇంగ్లీషా అని తెలిసిన వాళ్ళని ఒకసారి అడిగి రూఢి చేసుకో. ఆన్‌లైన్‌లో ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ ఉంది, ఉచితం, నేర్చుకునే వాళ్ళ కోసమే చేసింది, మాట ఎలా పలకాలో వినిపిస్తుంది, ఉదాహరణ వాక్యాలు ఇస్తుంది. బ్రౌన్ దొర నిఘంటువు మన భాషకి చేసిన మేలు అంతా ఇంతా కాదు, చేతులెత్తి దణ్ణం పెడతాను, కానీ అది 1852 నాటిది, ఇవాళ్టి కౌంటర్ ఇంగ్లీషు అందులో వెతక్కూడదు.

గుర్తుండకపోవడం గురించి. ఇది నీ బుర్ర లోపం కాదు, మనిషి బుర్రే అంత. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నానా అని తన మీదే లెక్కలు కట్టుకుని 1885లో పుస్తకం వేశాడు. గంట తిరక్కముందే సగానికి పైగా జారిపోయినట్టు తేలింది. కానీ మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటే, అదీ మధ్యలో ఎడం పెంచుకుంటూ చేస్తే, నిలబడిపోతుంది. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. మళ్ళీ చదవడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. 2008లో అమెరికాలో కార్పికే, రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలకి 40 స్వాహిలీ మాటలు ఇంగ్లీషు అర్థాలతో నేర్పారు. ఒకసారి వచ్చేసిన మాటని కూడా మళ్ళీ మళ్ళీ చూడకుండా చెప్పించిన వాళ్ళకి వారం తర్వాత నూటికి 80 దాకా గుర్తున్నాయి, వచ్చేసింది కదా అని ఇక చెప్పించడం ఆపేసి చదివిస్తూ మాత్రమే పోతే 35 దగ్గరే ఆగిపోయింది. నువ్వు నోట్‌బుక్‌లో పదం, పక్కనే అర్థం రాసుకుని పైనుంచి కిందకి చదువుతున్నావే, అది ఈ రెండో రకం. చదువుతున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది.

అందుకని చీటీలు చేసుకో. పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించినా చాలు. ఒక వైపు తెలుగు వాక్యం, రెండో వైపు ఇంగ్లీషు. తెలుగు వైపు చూసి ఇంగ్లీషు పైకి అనాలి, మనసులో అనుకోవడం లెక్కలోకి రాదు, పెదాలు కదలాలి, రైల్లో సిగ్గయితే గొణుగు. వచ్చిన చీటీ రెండో కవర్లోకి, అక్కడా వస్తే మూడో దాంట్లోకి, రానిది మొదటి కవర్లోనే. మొదటి కవరు రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, ఏ కవర్లోనిదైనా తప్పితే తిరిగి మొదటి దాంట్లోకే. ఈ పద్ధతి 1972లో లైట్నర్ అనే ఆయన పుస్తకంలో పెట్టాడు, ఆయన డబ్బాలు వాడమన్నాడు, మనకి కవర్లు చాలు. ఇదంతా ఫోన్‌లోనే కావాలంటే యాంకీ అని యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఎప్పుడు ఏ చీటీ చూడాలో అదే లెక్క కట్టి చూపిస్తుంది. వేరే వాళ్ళు చేసిపెట్టిన వేల చీటీలు మాత్రం దించుకోకు, వాటిల్లో నీ డెస్క్ ఉండదు.

ఒకేలాంటివి, ఎదురెదురు అర్థాలవి ఒకే రోజు నేర్చుకోకు. బారో, లెండ్ ఒకే రోజు నేర్చుకున్న వాళ్ళు ఏడాది తర్వాత కూడా తీసుకోవడం ఏదో ఇవ్వడం ఏదో తడుముకుంటూనే ఉంటారు. పుస్తకాల్లో కూరగాయలన్నీ ఒక పేజీ, రోగాలన్నీ ఒక పేజీ ఉంటాయి, చూడ్డానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి మాత్రం ఒకదాన్నొకటి చెరిపేస్తాయి, దీని మీద 1990లలోనే పరిశోధనలు వచ్చాయి. ముందు బారో వాడుకలో పడనీ, ఓ నెల పోయాక లెండ్ సంగతి.

ఫోన్ భయం గురించి విడిగా చెప్పాలి. ఎదుటి మనిషి ముఖం కనపడదు, చెయ్యి ఊపడానికి లేదు, పైగా అవతల వాళ్ళు గడగడా చదివేస్తారు. దీనికి కావాల్సింది ఆదుకునే వాక్యాలు నాలుగు, ఇవి చీటీల్లో కాదు, ఫోన్ పక్కన గోడకి అంటించు: కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్? కుడ్ యూ స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ? ప్లీజ్ హోల్డ్ ఆన్, ఐ'ల్ చెక్. ఐ'ల్ కాల్ యూ బ్యాక్ ఇన్ టెన్ మినిట్స్. మొదటి వారం నుంచే వీటిని వాడు. మళ్ళీ చెప్పమని అడగడం తప్పనుకుంటున్నావేమో, పాలసీ నంబరు ఒక అంకె తప్పు రాస్తే జరిగే నష్టం ముందు అది ఎంత. అన్నట్టు అంకెల దగ్గర జాగ్రత్త: ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకలాగే వినపడతాయి, "వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?" అని ఎప్పుడూ అడిగేసెయ్, నువ్వు చెప్పేటప్పుడూ అలాగే విడదీసి చెప్పు. పేర్లకి స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఎమ్, ఎన్ కలిసిపోతాయి, ఎమ్ ఫర్ మదర్, ఎన్ ఫర్ నైట్ అని అలవాటు చేసుకో. ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగేవి రోజూ ఇంచుమించు అవే, పేషెంట్ పేరు, ఎప్పుడు చేరారు, ఏ జబ్బు, రూమ్ ఛార్జి ఎంత, డిశ్చార్జ్ ఎప్పుడు. ఆ ప్రశ్నలు వరసగా రాసుకుని మీ ఇంట్లో తమ్ముడితోనో చెల్లితోనో అడిగించుకుని జవాబులు పైకి చెప్పు. రెండు మూడు వారాల్లో ఆ ఒక్క ఫోన్ అయినా నీ చేతిలోకి వస్తుంది, నా దగ్గరికి వచ్చిన వాళ్ళలో ఎక్కువ మందికి మొదటి ధైర్యం అలా ఒక్క పని మీదే వచ్చింది.

వినడానికి విడిగా టైం లేదంటావు, రైల్లో ఉన్నావు కదా. తెనాలి స్టేషన్లో అయినా విజయవాడ జంక్షన్లో అయినా అనౌన్స్‌మెంట్ తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో ఒకే సంగతి వస్తుంది. తెలుగు విన్నాక ఇంగ్లీషు వచ్చే లోపు నీ అంతట నువ్వు ఇంగ్లీషులో చెప్పడానికి ప్రయత్నించు, తర్వాత వాళ్ళది విని సరిచూసుకో. డబ్బు ఖర్చు లేని పరీక్ష. అయితే అది మైకు భాష, "ఇన్‌కన్వీనియన్స్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్" అని పేషెంట్‌తో అనకూడదు, "సారీ ఫర్ ది డిలే" అంటే చాలు. బీబీసీ వాళ్ళది సిక్స్ మినిట్ ఇంగ్లీష్ అని ఉంది, ఆరు నిమిషాలే, రాత కూడా ఇస్తారు, ఒకటే ఎపిసోడ్ వారమంతా విను, రోజుకొక కొత్తది పెట్టుకోకు. చదవడానికి ఏదైనా కావాలనిపిస్తే అప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులకి వెళ్ళి ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లల ఇంగ్లీషు కథల పుస్తకాలు తెచ్చుకో, పేజీకి రెండు మూడు కంటే ఎక్కువ తెలియని మాటలు ఉంటే అది పక్కన పెట్టి ఇంకా తేలికది తీసుకో.

తోటి వాళ్ళు నవ్వుతారన్నావు. నవ్వేది చాలా వరకు యాస గురించి, దాన్ని పట్టించుకోకు. మన యాసతో మాట్లాడే డాక్టర్లు అమెరికాలో, ఇంగ్లాండులో పెద్ద పెద్ద హాస్పిటళ్ళు నడుపుతున్నారు. అర్థం మారే చోట మాత్రం, అంటే అంకెలు, మందుల పేర్లు, తేదీలు, అక్కడ మాత్రం నిదానంగా స్పష్టంగా పలుకు.

ఎన్నాళ్ళు అంటే, రోజుకి మూడు వాక్యాలు, ఆదివారం సెలవిచ్చినా, ఆరు నెలలకి నాలుగు వందలు దాటతాయి, నీ డెస్క్ పని మొత్తం అందులో పట్టేస్తుంది. బయట ప్రపంచం గురించి తడుముకోకుండా మాట్లాడాలంటే ఇంకా పడుతుంది, ఏడాదో రెండేళ్ళో, అది నువ్వు ఎంతమందితో మాట్లాడతావన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ వారం పని మొదలెట్టి, రాసుకున్న మొదటి ఇరవై తెలుగు వాక్యాలూ వాటికి నువ్వు కట్టిన ఇంగ్లీషూ ఇక్కడే కింద పెట్టు. పేషెంట్ల పేర్లు, వివరాలు మాత్రం తీసేసి పెట్టు. ఒక్కోటి చూసి దిద్దిపెడతాను.